కుంటుకుంటూ వచ్చే గంట

ఊరంతా తగలబడినా అదొక్కటైనా మిగలాలని ఆ రాతి కట్టడాన్ని పార్కు నడుమ, ఏ గోడకూ ఆనకుండా కట్టారు. మెసాచుసెట్స్‌లోని ఆ మిల్లుల ఊళ్లో, వీధి మూలల్లో ఉన్న ఆరువందల అగ్నిప్రమాదపు పెట్టెల తీగలన్నీ భూమి కిందుగా వచ్చి అక్కడే తేలతాయి. ఎవరు ఏ పెట్టె పిడి లాగినా అందులోని స్ప్రింగు కదిలి, ఈ కట్టడంలోని గంట దాని నంబరును అంకెకి అన్ని దెబ్బలుగా కొడుతుంది, కాగితపు పట్టీ మీద చిల్లులు పడతాయి. అవి లెక్కపెట్టి ఫైరింజన్లు పంపాలి.

ఇరవై తొమ్మిదేళ్లుగా ఆ బల్ల దగ్గర కూర్చున్న కజిమిర్ వోయ్‌తాస్‌కి ఇప్పుడు చిల్లులు కనబడవు. కళ్లకు పొరలు కమ్మాయి. అంతకుముందు నేత మిల్లులో పనిచేసినప్పుడు, మగ్గాల హోరులో కూడా ఒక్క దారం తెగితే పట్టేసిన చెవి మాత్రం మిగిలింది.

ఆ మధ్యాహ్నం సూపరింటెండెంటు ఎల్డ్రిడ్జ్, ఆయన్ని ఇంటికి పంపే కాగితం జేబులో పెట్టుకుని వచ్చి పక్కన కూర్చున్నాడు. ఒక్క తప్పు దొరికితే సంతకం పెట్టెయ్యాలనుకున్నాడు.

“పట్టీ చదవండి చూద్దాం.”

“చదవడానికి అదేమన్నా ప్రేమలేఖా బాబూ? వింటే చాలదూ?”

అంతలో గంట మోగింది. ఎల్డ్రిడ్జ్ చిల్లులు లెక్కపెట్టాడు. “నాలుగు, ఏడు, ఆరు. అలాంటి పెట్టే లేదే.” అదే నంబరు మళ్లీ రావాల్సిన రెండో విడతలో ఇంకో నంబరు వచ్చింది. అదీ ఊళ్లో లేదు.

కజిమిర్ కళ్లు మూసుకుని గంట దిమ్మె మీద అరచెయ్యి ఆనించాడు.

“ఇద్దరు ఒకేసారి లాగారు. ఒకరి మాట మీద ఒకరు పడుతున్నారు. ఒకటి కాలవగట్టు మీది రెండువందల నలభై మూడు. దాని స్ప్రింగు అరిగింది, చివరి అంకె దగ్గర కుంటుతుంది. పరుగెత్తేది బడి దగ్గరి నూట యాభై రెండు. కిందటి నెలే కొత్త స్ప్రింగు వేశారు.”

“ఎలా నమ్మను?”

“మీ ఇంట్లో మెట్లెక్కేది పెళ్లామో కూతురో చూడకుండా తెలీదూ?”

అంటూనే రెండు చోట్లకూ ఇంజన్లు పంపేశాడు.

పావుగంటకు ఫోన్లు వచ్చాయి. కాలవగట్టున మేజోళ్ల ఫ్యాక్టరీలో మంటలు, బడి నేలమాళిగలో పొగ. పిల్లలందరూ క్షేమంగా బయటికొచ్చారు.

ఎల్డ్రిడ్జ్ ఆ పట్టీని చాలాసేపు వేళ్ల మధ్య తిప్పాడు. “ఆరువందలూ ఇలాగే తెలుసా?”

“కొత్తగా పన్నెండు పెట్టారుగా, వాటితో ఇంకా చనువు కుదరలేదు.”

సూపరింటెండెంటు జేబులోని కాగితం తీసి, వెనక్కి తిప్పి, పట్టీ చదవడానికి ఒక మనిషి కావాలని రాసి, పైకి చదివాడు.

“మరి నేనో?”

“మీరు వినండి,” అన్నాడు, లేచి నిలబడి.