ఉప్పుడు కాఫీ

ఆ రోజుల్లో మిర్యాలగూడలో బస్సు దిగగానే ముక్కుకు తగిలేది ఉడికిన వడ్ల వాసన. ఆ వాసనలోంచి నడుచుకుంటూ పోతే, ఒక మిల్లు గేటు దగ్గర కాఫీ గింజలు వేగుతున్న వాసన ఎదురొచ్చేది. అదే పుష్పాబాయి బండి. ఆ తరువాత ఎన్ని ఊళ్ళు తిరిగానో, ఎన్ని చోట్ల తాగానో. ఆ గ్లాసు మళ్ళీ దొరకలేదు.

లంబాడీ తండాలో పుట్టిన మనిషికి కాఫీ ఎట్లా అబ్బిందంటారా? కరువు ఏళ్ళలో ఆమె తల్లిదండ్రులు కర్ణాటక కాఫీ తోటలకు కూలికి పోయారు. కాయ కోయడం, గింజ వేయించడం పుష్పాబాయి అక్కడే నేర్చింది. పెళ్ళయ్యాక భర్త జైరాం ఉప్పుడు బియ్యం మిల్లులో బాయిలర్ పనికి కుదిరాడు. ఆమె గేటు ముందు బండి పెట్టింది. కేరళకు బియ్యం తోలే లారీ డ్రైవర్లు తిరుగుదారిలో పచ్చి కాఫీ గింజలు తెచ్చిపెట్టేవారు. రోజూ పొద్దున మొదటి డికాక్షన్ దిగగానే అరగ్లాసు తాను తాగి చూసేది. నచ్చకపోతే మొత్తం మోరీలో పోసేది. అందుకే ఇంట్లో కాఫీ ఉన్న సావుకార్లు కూడా ఆమె బండి దగ్గరికే వచ్చేవారు.

ఎనభై ఏడులో ఆమెకు గుండెదడ మొదలైంది. సూర్యాపేటలో డాక్టరు కాఫీ బందు చేయమన్నాడు.

"తాగకుంటె సావను గని సారూ, నాలిక మీద పడకుంటె ఎట్లున్నదో నాకెట్ల ఎరుకైతది? ఇగ బండి బందు వెట్టుడే," అంది నాతో.

"నోట్లో పోసుకొని ఉమ్మెయ్యరాదూ?"

"గిరాకీ ముందట ఉమ్మితె, ఇగ ఎవడన్న తాగుతడా?"

ఇక్కడ కాస్త దారి తప్పుతాను. కెఫీన్ తీసేసిన కాఫీ ఒకటుందని నేనెక్కడో చదివాను. అది వేరే చెట్టుకు కాసేది కాదు, మామూలు గింజే. ఓడలో ఉప్పునీళ్ళకు తడిసిన గింజల్లో ఉషారు తగ్గిందని ఒక జర్మనీ వర్తకుడు కనిపెట్టాడంటారు. పచ్చి గింజను ఆవిరితో ఉబ్బించి, ఏదో మందుతో కెఫీన్ లాగేస్తారు. లాగిన దాన్నీ పారేయరు, కూల్‌డ్రింకులకూ తలనొప్పి మాత్రలకూ అమ్ముకుంటారు. సూర్యాపేట కొట్లలో అడిగాను, లేదన్నారు. కోదాడ కొట్టాయన నవ్వాడు: "కాఫీలో కాఫీ తీసేశాక ఇంకేం ఉంటుందండీ అమ్మడానికి?"

ఆ సంగతి జైరాంకు చెప్పాను. నానబెడతారు, ఆవిరి పడతారు అన్నంతవరకే చెప్పాను.

"గంతేనా సారూ? నానవెట్టుడు, ఆవిరి వట్టుడు, ఎండవెట్టుడు. గది మేం దినాం జేసే పనే గద!"

రెండు కిలోల గింజలు సంచిలో కట్టి, నీళ్ళ హౌజులో వడ్ల పక్కనే నానేశాడు. ఆవిరి పట్టాడు. మిల్లు గచ్చు మీద ఓ మూలన ఆరబోశాడు. హమాలీ ఐలన్న ఊరుకుంటాడా?

"జైరామన్నా, తౌడెంత ఎల్లిందే? మా బర్రెకు వెడుత!"

పుష్పాబాయి వాటిని వేయించి, దంచి, డికాక్షన్ దించి అరగ్లాసు తాగింది. కాసేపటికి రొమ్ము మీద చెయ్యి వేసుకొని కూలబడింది.

"బాయిలర్ కాడ నీ బుద్ధి గూడ ఉడికినట్టున్నదయ్యా," అంది మొగుణ్ణి చూసి.

జైరాం ముఖం వాడిపోయింది. "ఆవిరి వడితె తౌడుల బలం గింజలకు వోతది. గీ కాఫీ ఉషారు గూడ లోపటికే వోయినట్టుంది."

నేను నాలుక కరచుకున్నాను. మందు సంగతి చెప్పనిది నేనే కదా. అతను పట్టు వదలక అయిదుసార్లు నీళ్ళు మార్చి ఉడకబెట్టి, ఆ నీళ్ళన్నీ పారబోసి, ఇంకోసారి చేశాడు. ఈసారి దడ లేదు. రుచీ లేదు.

"గంజి నయం. గంజిల ఉప్పన్న ఉంటది," అంది. సోమవారం నుంచి బండి తీయనని తేల్చేసింది.

ఆ ఆదివారం పొద్దున నేనక్కడే ఉన్నాను. డికాక్షన్ దిగింది. ఆమె చెయ్యి గ్లాసు మీదికి పోతుంటే జైరాం లాక్కొని తానే తాగాడు.

"మంచిగున్నది."

ఆమె అతని ముఖంకేసి చూసి, గిన్నె ఎత్తి మోరీలో కుమ్మరించింది.

"ఏందే! మంచిగున్నదన్న గద!"

"మా అవ్వ మాడవెట్టిన పప్పు గూడ మంచిగున్నదన్నవ్. నీ ఎడమ కనుబొమ్మెందుకు లేసింది? చేదెక్కింది."

మళ్ళీ దించింది. జైరాం తాగాడు. ఈసారి కనుబొమ్మ కదలలేదు. ఆమె రెప్ప వేయకుండా చూసి, ఐలన్న గ్లాసు అందుకొని నింపింది.

"నా మొఖం నీకు థర్మామీటరా?" అని అతను చాలా ఏళ్ళు గొణిగాడు. ఒకసారి తువ్వాల అడ్డం పెట్టుకుని తాగబోతే ఆమె గుంజేసింది. తొంభై ఆరులో నేను చివరిసారి వెళ్ళినప్పుడు మిల్లు గేటు ముందు గిరాకీలు వరసగా నిలబడి ఉన్నారు. పుష్పాబాయి లోపలికి కేకేస్తోంది:

"జర మొఖం కడుక్కొని రావయ్యా! డికాక్షన్ దిగింది!"