పసరు రంగు

డెబ్బయ్యో దశకం మొదట్లో, బాన్సువాడ దగ్గర మా పొలంలో చెరుకు కొడుతుంటే అన్నకు కత్తి జారి పిక్కలో దిగింది. కాలువ నీళ్లతో కడుక్కుని కుంటుతూ ఇంటికొచ్చాడు. మేం అవ్వ అని పిలిచే మా అమ్మ, పొలం గట్ల మీద మొలిచే గాయపాకు నలిపి పసరు పిండి, పాత ధోవతి చింపి కట్టింది. మర్నాటి నుంచి ఆకు తెచ్చి కట్టు కట్టే పని నాకు అప్పగించింది.

మా ఇంట్లో పుండు సంగతి గుడ్డను చూసి తేల్చేవారు. గుడ్డ పచ్చబడితే పసరు పట్టినట్టే. విప్పిన గుడ్డ చూడనిదే అవ్వకు ముద్ద దిగేది కాదు.

ఐదో రోజు గట్ల మీది గడ్డీ గాదం చెక్కేశారు. ఎంత తిరిగినా ఆకు దొరకలేదు. చెబితే తిడుతుందని ఉత్త గుడ్డే కట్టాను. మర్నాడు భయపడుతూనే విప్పాను. గుడ్డ మునుపటికంటే పచ్చగా ఉంది. కాస్త నీలం కలిసిన పచ్చ, ఏదో తియ్యటి వాసన. ఆకు లేకుండా పసరెక్కడిదని నన్ను నేను అడగలేదు. బతికిపోయాననుకున్నాను.

"మంచిగ పట్టింది బిడ్డా," అని అవ్వ మురిసింది.

అలా నాలుగు రోజులు ఉత్త గుడ్డే కట్టాను. అన్న జ్వరంతో వణుకుతుంటే కూడా నోరు విప్పలేదు. అంత పిరికిదాన్ని.

చివరికి బండి కట్టి దవాఖానకు తీసుకుపోయాం. డాక్టరు కట్టు విప్పి వాసన చూశాడు.

"ఇది పసరు గాదమ్మా. పుండుల చేరిన క్రిమి చేసే రంగు. వేరే క్రిములు తన జాగకు రాకుండ అది కక్కే విషం. ఎన్నడు మొదలైంది?"

"ఆకు రోజూ పెడుతనే ఉన్నం సారూ," అంది అవ్వ.

"గా ఆకు పచ్చల ఇది కనబడలే మీకు," అన్నాడాయన.

నేను విప్పిన గుడ్డను ఉండచుట్టి చేతిలో దాచుకున్నాను.

నిజామాబాదు పెద్ద దవాఖానలో అన్న కాలు మోకాలి పైదాకా తీసేశారు. తర్వాత కాలేజీలో చదువుకున్నాను. ఆ క్రిమికి బతకడానికి ఇనుము కావాలి, మన ఒంట్లోని ఇనుమును లాక్కోవడానికి ఇంకో పచ్చరంగు పదార్థం చేసుకుంటుంది. దానికి అన్న మీద పగ లేదు, ఆకలి అంతే. దాన్ని తిట్టుకుందామన్నా నాకు నోరు రాలేదు.

అవ్వ మాత్రం ఆకునే తిట్టింది. "నా పసరే నా కొడుకు కాలు తిన్నది," అని ఏడుస్తూ, గట్ల మీద ఎక్కడ గాయపాకు మొలిచినా వేళ్లతో సహా పీకేసేది. ఆమె పక్కన వంగి నేనూ పీకాను.