యాదమ్మ పెద్దమ్మ టీవీ

ఇవాళ రాయదుర్గంలో మా ఆఫీసు క్యాంటీన్‌లో సర్వపిండి చేశారు. నూనెలో కాలుతున్న నువ్వులు, వెల్లుల్లి వాసన నన్ను నేరుగా తీసుకెళ్లి మదీనాగూడలో యాదమ్మ పెద్దమ్మ ఇంట్లో కూర్చోబెట్టింది.

ఆవిడ మా ఇంటి ఓనరు. తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులవి. గుంటూరు నుంచి వచ్చి వాళ్లింట్లో కిరాయికి ఉండేవాళ్లం. అమ్మ నర్సు. అమ్మ డ్యూటీ నుంచి వచ్చేదాకా నేను పెద్దమ్మ వాళ్ల టీవీ ముందే ఉండేదాన్ని.

ఆ సాయంత్రం కామెడీ ప్రోగ్రాంలో తెల్లచీర కట్టుకున్న ఒకావిడ చేతులు పైకెత్తి, మాటమాటకీ "హల్లెలూయ" అంటూ కళ్లు తేలేస్తోంది. జనం పగలబడి నవ్వుతున్నారు. ఆదివారం చర్చికి మా అమ్మ కట్టేదీ తెల్లచీరే. అంతలో అమ్మ గుమ్మంలోకి వచ్చింది.

"అమ్మా, టీవీలో నువ్వే!" అని సంబరంగా అరిచాను.

అమ్మ చెప్పులు కూడా విప్పకుండా నిలబడిపోయింది. పెద్దమ్మ లేచి గోడ దగ్గరికి వెళ్లింది. టీవీ ఆగిపోయింది.

"కరెంట్ పోయింది. లోపలికి రా సిస్టరమ్మా, సర్వపిండి వేడిగున్నది."

"నవ్వుకునేదానికి గంత కోపమెందుకే?" అన్నాడు అప్పటిదాకా మాతో టీవీ చూస్తున్న పెదనాన్న.

"మొన్న దాంట్లనే పనిమనిషితోని మన యాస మాట్లాడిపిచ్చి నవ్వినప్పుడు, నువ్వెందుకు తినకుండ లేచినవ్?"

పెద్దమ్మ కోపం కరెంటోళ్ల మీద అనుకుని నేను తింటూ కూర్చున్నాను. అమ్మ నా పక్కనే కూర్చుంది.

జోకు కూడా వివక్షేనా అని ఆఫీసులో వాదన వచ్చినప్పుడల్లా పెద్దమ్మకు మనసులోనే దండం పెట్టుకుంటాను. కరెంటు పోయిందన్న ఆ గదిలో, అమ్మ నెత్తిమీద ఫ్యాను చల్లగా తిరుగుతూనే ఉంది.