తిట్టినా పలకని సెషన్

ముందే చెప్పేస్తున్నాను: నా ఉద్యోగం పర్మనెంటయింది! మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. నాన్న పోర్టులో కలాసీ. నేను రోజూ సబ్బవరం నుంచి సీతమ్మధారలోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసుకు వెళ్తాను.

నిన్న మధ్యాహ్నం, నేను రాసిన ప్రోగ్రాంను మేనేజరుకు చూపించాలి. రేవులో నిలిచే చోటు, అంటే బెర్తు, కోసం ఏ ఓడ ఎన్ని గంటలు ఆగిందో అది చెప్పాలి. సరిగ్గా వస్తే ఉద్యోగం, రాకపోతే ట్రైనీగానే ఇంటికి. పైథాన్ సెషన్ తెరిచి ఓడల వివరాలన్నీ ఎక్కించేసరికి పదకొండు దాటింది. తీరా చూస్తే, ఆగి ఉండగా తేదీ మారిపోయిన ఓడలకు గంటలు మైనస్‌లో వస్తున్నాయి.

ప్రోగ్రాం ఫైల్లో తప్పు దిద్దాను. సేవ్ చేసి, దాన్ని సెషన్లోకి తెచ్చే ఇంపోర్ట్ మళ్లీ కొట్టాను. అదే మైనస్. మరో రెండుసార్లు కొట్టినా అంతే. సెషన్ మూసి తెరిస్తే ఎక్కించినవన్నీ పోతాయి, మళ్లీ ఎక్కించే టైం లేదు. ఇంపోర్ట్ ఇంకా గట్టిగా కొట్టాను.

పక్క సీటులో ఉండే మా సీనియర్, ఆనందపురం అక్క, కుర్చీ ఇటు జరిపింది.

"ఏటమ్మా, కీబోర్డు ఇరగ్గొట్టేత్తావేటి?"

"దిద్దినా మారట్లేదక్కా."

"ఆ ఫైల్లో నోటికొచ్చిన తిట్టొకటి రాయ్."

"అక్కా!"

"రాయమంతన్నాను కదా."

'తిక్క సచ్చినోడా' అని రాసి, సేవ్ చేసి, ఇంపోర్ట్ కొట్టాను. సెషన్ కిమ్మనలేదు.

"సూసావా? ఆ తిట్టు సదివుంటే అర్థంకాక ఎర్రరని అరిసేది. తిట్టినా పలకలేదంటే ఇనలేదన్నమాట. ఒకసారి ఇంపోర్ట్ సేసిన ఫైలుని అది మళ్లీ సదవదు. ఎన్నిసార్లు కొట్టినా 'నా కాడుంది కదా' అంటాది. రీలోడ్ సేసి సదివించాల."

చేయించింది. తెర నిండా ఎర్రర్! అంతా పోయిందనుకున్నాను. అక్క మాత్రం చప్పట్లు కొట్టింది. "ఇనింది!"

ఎర్రర్ చూసి అంత సంబరపడే మనిషిని నేనెప్పుడూ చూడలేదు. తిట్టు తీసేసి, మళ్లీ రీలోడ్ చేశాను. మైనస్‌లు పోయాయి. ఎక్కించిన ఓడలు ఎక్కడివక్కడే ఉన్నాయి. నేను దిద్దింది మొదటినుంచీ సరిగ్గానే ఉందన్నమాట!

మేనేజరు మూడు ఓడలకు తనే గంటలు లెక్కేసి చూసుకుని, "రేపట్నుంచి నువ్వు ట్రైనీవి కాదు" అన్నారు.

వెంటనే, పోర్టులో పని మీదున్న నాన్నకు ఫోన్ చేశాను. ఉద్యోగం సంగతి దాచుకుని, ముందు ఈ రీలోడ్ కథంతా చెప్పాను.

"మా కాడా అంతేనమ్మా. ఆఫీసులో లోడింగు కాయితం మారిపోద్ది. పైన కిరేనోడికి ఎవులూ సెప్పరు. ఆడు పాత కాయితం పెకారమే ఎత్తుతుంటాడు."

పైథాన్ పేరైనా వినని మనిషి! నేను చెమటలు కక్కినా అందనిది ఇట్టే పట్టేశాడు.

"మరేటి సేత్తారు నాన్నా?"

"ఎవుడో ఒకడు నిచ్చెనెక్కి సెప్పాల. మీ అక్కలాగ."

అప్పుడు చెప్పాను అసలు సంగతి. ఫోన్ చెవి దగ్గర్నుంచి తీసినట్టున్నాడు, గొంతు దూరమైంది, తోటి కలాసీని కేకేస్తున్నాడు.

"ఒరే బావా! మా పాప ఉజ్జోగం పర్మినెంటైపోనాదిరా!"

ఈసారి నిచ్చెన అక్కర్లేదు. ఆ అరుపు క్రేను మీదికి చేరే ఉంటుంది.