చదవకుండా పంపిన గ్రాఫు

నిన్న పొద్దున హిందూపురంలో మా ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చుని మీట నొక్కగానే ‘టుంగ్’మని చిన్న చప్పుడు వచ్చింది. గొడుగు పట్టుకున్న బుల్లి మనిషి ఒక పలక మీంచి ఇంకో పలక మీదికి దూకే చప్పుడు అది. వెనుకటి కాలంలో వీడియోగేముల కొట్లలో నిలువెత్తు పెట్టెల్లో ఆడిన ఆట. దాన్ని ఫోన్లలో ఆడుకునేలా ఒక చిన్న కంపెనీ మళ్ళీ తయారుచేస్తోంది, బొమ్మలు వేసే పని నాది. చప్పుడు మాత్రం పాతదే ఉంచాం. అది విన్నప్పుడల్లా నాకు ధర్మవరంలో రామలక్ష్మక్క బల్ల, ఆ బల్ల మీది రంగుల వాసన గుర్తొస్తాయి. నిన్న మాత్రం అంతటితో ఆగలేదు. దూకినవాడు పలక అంచున నిలబడినట్టే నిలబడి కింద పడిపోయాడు. పాపం, వాడి తప్పేమీ లేదు. ఆ పలకకు నేనే ఒక గడి ఎక్కువ వేశాను. కంటికి కనిపిస్తుంది కానీ కాలు పెడితే అక్కడ ఏమీ ఉండదు. ఆట ఎల్లుండి జనంలోకి వెళ్ళాలి.

రామలక్ష్మక్క మాకు చుట్టమేమీ కాదు. పట్టుచీరల అంచులకు, కొంగులకు గ్రాఫులు గీసేది. చీర మీద హంస రావాలంటే ముందు గళ్ళ కాగితం మీద రావాలి. రంగు నింపిన గడి దగ్గర పోగు లేస్తుంది, ఖాళీ గడి దగ్గర లేవదు. ఆ గ్రాఫు చూసి అట్టలకు బెజ్జాలు కొడతారు, ఆ అట్టలే మగ్గం పైన తిరుగుతాయి. డిగ్రీ అయ్యాక ఏ ఉద్యోగమూ దొరకక, పెనుకొండలో రోజూ రైలెక్కి ఆమె దగ్గర పని నేర్చుకోవడానికి వెళ్ళేదాన్ని. నాకు బొమ్మలు వచ్చునని మహా గర్వం. మొదటిరోజు నేను వేసిన నెమలిని చూసి, "బాగుండాది. మగ్గానికి మాత్రం అర్థం కాదు," అని ఇంకో కాగితం చేతికిచ్చింది. ఆ వారమంతా ఏడుపొక్కటే తక్కువ నాకు.

మేం పనిచేసే చోటికి ఎదురుగా వీడియోగేముల కొట్టొకటి ఇంకా మూతపడకుండా ఉండేది. కళ్ళు లాగుతున్నాయంటూ లేచి, అక్క నేరుగా వెళ్ళి ఆ గొడుగు మనిషి ముందు నిలబడేది. కళ్ళకు ఇదేం విశ్రాంతో నాకు అర్థమయ్యేది కాదు. ఆడేది తక్కువ, చూసేది ఎక్కువ. ఒకసారి నన్నూ పిలిచి చూపించింది. "ఇన్ని గళ్ళల్లోనే మనిషిని, గొడుగుని, వాని బయాన్ని గూడా పెట్టినాడు సూడు. యెవురోగాని మన పనోడే," అంది. ఆటలకు గళ్ళతో బొమ్మలు వేసే పని ఒకటి లోకంలో ఉందని నాకు తెలిసింది ఆరోజే.

అక్క దగ్గర ఒక పద్ధతి ఉండేది. గ్రాఫు గడప దాటే ముందు చదవాలి. కాగితాన్ని తలకిందులుగా తిప్పి, ఒకరు వరస వరసా పైకి చదివితే ఇంకొకరు వినాలి. మూడు నింపు, రెండు ఖాళీ, ఒకటి నింపు, అలా. తిప్పిన హంస హంసలా కనిపించదు, గళ్ళే కనిపిస్తాయి, అందుకని. ముప్పయ్యేళ్ళ అనుభవం ఉన్నా తన గ్రాఫును కూడా చదవకుండా పంపేది కాదు. ఒకరోజు ఆమె తాడిమర్రిలో పెళ్ళికి వెళ్ళింది. అట్టలు కొట్టే మనిషి వచ్చి తొందరపెడుతున్నాడు. ఒంటరిగా ఎవరికి చదవను? బల్ల మీది హంస గ్రాఫును, చదివేశామని చెప్పి ఇచ్చేశాను.

అట్టలు మగ్గమెక్కాక, కాగితాలు సర్దుతుంటే కనిపించింది. హంస మెడ దగ్గర ఒక వరస ఖాళీ. అంటే అక్కడ నేసే ప్రతి హంసా మెడ తెగిన హంసే. పెళ్ళి నుంచి వచ్చిన అక్కకు చెప్పాలని నోటిదాకా వచ్చేది, మింగేసేదాన్ని. రెండు రోజులు అలాగే గడిచాయి. మూడో పొద్దున ఇక తట్టుకోలేక చెప్పేశాను. అక్క తిట్టలేదు. చెప్పులేసుకుని, నన్ను వెంటబెట్టుకుని, ఆ మగ్గం ఉన్న ముదిగుబ్బకు బస్సెక్కింది. దారిలో ఒక్కటే అడిగింది.

"ఈ రొండు దినాలు నీకు అన్నం యెట్ల దిగిందే?"

నేత నేసే కదిరెప్ప మమ్మల్ని చూసి సంతోషపడ్డాడు. సంగతి విని, చుట్టిన బట్ట విప్పి చూసుకున్నాడు. చూస్తూ చూస్తూ అతని మొహం వాడిపోయింది. "తప్పు యెవురైనా చేస్తారు లేమ్మా," అన్నాడు. "మొన్న చెప్పింటే బెత్తెడు పొయ్యుండు. ఇప్పుడు మూరలు పాయ."

"తప్పు నాది కదిరెప్పా. చదవకుండా పంపినా," అంది అక్క.

నేను పక్కనే ఉన్నాను. నోరు పెగల్లేదు. తిరుగు బస్సులో ఏడ్చి, తప్పు నాదని ఆమె చెయ్యి పట్టుకున్నాను. "ఆ మాట ఆడ చెప్పాల్సింది గదా," అని కిటికీ వైపు తిరిగింది. మరునాడు మామూలుగానే గ్రాఫు ఇచ్చి చదవమంది. మళ్ళీ ఎన్నడూ ఆ ఊసెత్తలేదు. కిందటేడు ఆమె పోయింది. అంత ఒళ్ళు దగ్గర పెట్టుకుని బతికిన మనిషి, నా మూలంగా ఆ ఒక్క ఇంట్లో నిర్లక్ష్యం మనిషిగా మిగిలిపోయింది. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

నిన్న పగలంతా నాకు ఇదే గొడవ. చెబితే ఆట ఆగిపోతుంది, ఇంకోసారి నాకు పని ఇవ్వకపోవచ్చు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. పాత ఆట ఇంత కష్టమా అనుకుని, పడి లేచి మళ్ళీ ఆడుకుంటారు. ఈరోజు పొద్దున బెంగళూరులో ఉన్న మా కంపెనీ పెద్దకు ఫోను చేశాను. కిరణ్ అని, నాకన్నా చిన్నవాడే. అంతా విన్నాడు. ఎప్పుడు చూశారని అడిగాడు. ఇప్పుడే అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"నిన్న పొద్దున. భయపడి చెప్పలేదు," అన్నాను.

ఆట వాయిదా వేస్తామన్నాడు. నా పని సంగతి అతను ఎత్తలేదు, అడిగే ధైర్యం నాకూ లేకపోయింది. ఆ తర్వాత ధర్మవరంలో తెలిసినవాళ్ళకు ఫోను చేసి కదిరెప్ప సంగతి కనుక్కున్నాను. బతికే ఉన్నాడట. చూపు మందగించి మగ్గం మానేసి, ఇంటి దగ్గరే ఉంటున్నాడట. ఆదివారం ముదిగుబ్బ వెళ్తున్నాను. ఆ గ్రాఫు చదవకుండా పంపింది అక్క కాదని ఆయనకు చెప్పాలి.