సబ్ జైల్లో శనివారం భజన

స్వతంత్రం వచ్చిన కొత్తలో, కాలవ నీళ్ళ దగ్గర కొట్లాడి నేను ఆత్మకూరు సబ్ జైలుకు పోయాను. అక్కడ శనివారం సాయంత్రాలు వరండాలో చేరి, అన్నం తినే సత్తు పళ్ళేలే తాళాలుగా వాయిస్తూ భజన చేసేవాళ్ళం. వార్డరు పాడేవాడు, మేం అందుకునేవాళ్ళం.

ఒక శుక్రవారం, ఉదయగిరి నుంచి వచ్చిన ముస్లిం ఖైదీలు జుమ్మా నమాజు కలిసి చేసుకుంటామని వార్డరును అడిగారు.

"గుంపుగా చేరేదానికి వీల్లేదు. ఎవురి గదిలో వాళ్ళు చేసుకోండి" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "ఏందయ్యా, మా భజన మాత్రం గుంపు కాదా? వాళ్ళకు లేనిది మాకూ వద్దు" అన్నాను. మిగతావాళ్ళూ సరేనన్నారు.

మర్నాడు సాయంత్రం ఒక్క పళ్ళెం మోగలేదు. వార్డరు ఒంటరిగా పల్లవి ఎత్తుకుని, అందుకునే గొంతు లేక మధ్యలోనే ఆపేశాడు.

తర్వాతి శుక్రవారం మధ్యాహ్నం ఆయనే వరండా చిమ్మించి, కాళ్ళూ చేతులూ కడుక్కోవడానికి బిందెతో నీళ్ళు పెట్టించాడు. వాళ్ళు భుజాలు ఆనించుకుని వరసగా నిలబడ్డారు. మేం మాటలు ఆపి గోడవారన కూర్చున్నాం. నమాజు ముగిసేదాకా ఆగి, వార్డరు నా పక్కకొచ్చి గొంతు తగ్గించి అడిగాడు:

"రేపు భజన ఉండాదా, లేదా?"