సముద్రంలో కలిసే నీళ్ళు

మా అక్కని కృష్ణా జిల్లాలో, కాలవ చివర ఉన్న ఓ ఊరికిచ్చారు. నన్ను యానాంలో కనకాలపేటకి. బావగారిది వ్యవసాయం. మా ఆయన గోదావరిలో చేపల వేటకెళతారు.

ఓ ఏడాది వానలు మొహం చాటేశాయి. నారుమడి ఎండిపోతోందని అక్క ఫోన్ చేసినప్పుడల్లా బెంగపడేది. ఒకరోజు మాత్రం గట్టిగా అరిచింది.

"ఒసేయ్, మీ గోదారి మా కాలవలోకొచ్చిందే!"

ఎగువన గోదావరిలోంచి పంపులతో తోడిన నీళ్ళు కృష్ణలో పడి, అక్కడినుంచి వాళ్ళ చేలదాకా వచ్చాయి. పంట చేతికొచ్చింది. కొత్త బియ్యం తిందువుగాని రమ్మంటే వెళ్ళాను.

భోజనాల దగ్గర బావగారు హుషారుగా ఉన్నారు. "ఎటూ వృథాగా సముద్రంలోకి పోయే నీళ్ళే కదమ్మా. వేసవిలో కూడా తోడితే రెండో పంట వేసేస్తాం."

"మా ఇల్లు ఆ సముద్రం దగ్గరే ఉంది బావగారూ," అన్నాను.

అక్క కంగారుగా చూసింది. నేను ఆపలేదు. వరదల ఎర్రనీరు బలంగా దిగితేనే పులస చేప సముద్రంలోంచి నదిలోకి ఎదురెక్కుతుందనీ, వేసవిలో నది సన్నబడితే ఉప్పునీరు మా ఊరు దాటి పైకి వెళ్ళిపోతుందనీ, అప్పుడు మా బోరు నీళ్ళతో పప్పు కూడా ఉడకదనీ చెప్పాను.

ఆయన నవ్వేశారు. "చేపల కోసం చేలు ఎండబెట్టుకోమంటావా?"

"లేదండీ. వరదప్పుడు మిగులు నీళ్ళు పట్టుకెళ్ళండి. వేసవిలో నదిలో కాస్త వదలమంటున్నాను, అంతే."

ఆ ఏప్రిల్‌లో నేనే అక్కనీ బావగారినీ మా ఊరు పిలిచాను. మా ఆయన బావగారిని పడవలో నది మధ్యకి తీసుకెళ్ళారు. బావగారు దోసిలితో నీళ్ళు నోట్లో పోసుకుని వెంటనే ఉమ్మేశారట. సాయంత్రం మా అరుగు మీద కూర్చున్నాక తనే మాట ఎత్తారు.

"మాదీ కాలవ చివరే కదమ్మా. పైవాళ్ళు వాడుకోగా మిగిలిందే మాకూ."

నీళ్ళు తరలించడం తప్పని నేనెప్పుడూ అనను. అక్క చేను చూశాక అసలు అనలేను. నది చివర కూడా మనుషులున్నారని పైవాళ్ళు గుర్తుపెట్టుకుంటే ఇద్దరికీ సరిపోతుంది. ఇది గొంతెత్తి చెప్పడానికి నాకు భయం లేదు.

మొన్న వాళ్ళ ఊరి రైతుల మీటింగులో బావగారు ఇదే మాట అన్నారట. కొందరు మీదపడ్డారని అక్క ఫోన్‌లో చెప్పింది.

"మరి బావగారు ఊరుకున్నారా?"

"ఊరుకుంటారా! వచ్చే వేసవికి వాళ్ళనీ మీ ఊరు లాక్కొస్తారంట. వంటకి సిద్ధంగా ఉండు."